చావలేదు, పడుకున్నారంతే: 1988 నాటి 'వార్ ఆఫ్ ద వరల్డ్స్' సీరియల్ జ్ఞాపకాలు

1953లో జార్జ్ పాల్ నిర్మించిన 'వార్ ఆఫ్ ద వరల్డ్స్' సినిమా చివర్లో మార్స్ నుంచి వచ్చినవాళ్ళంతా కుప్పకూలిపోతారు. ఫిరంగులు పనిచేయవు, అణుబాంబూ పనిచేయదు. ఆఖరికి మనం రోజూ పీల్చే గాలిలోని సూక్ష్మక్రిములే వాళ్ళ పని పడతాయి. చర్చి గంటలు మోగుతాయి, సినిమా అయిపోతుంది. 1988 అక్టోబరు 7న అమెరికాలో మొదలైన టీవీ సీరియల్ ఆ ముగింపునే పట్టుకుని ఒక ప్రశ్న వేసింది: వాళ్ళు చచ్చారని ఎవరు తేల్చారు?

ఆ సీరియల్ చూసినవాళ్ళకి మొదటి రెండు గంటల ఎపిసోడ్ 'ద రిజరెక్షన్' ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. సృష్టికర్త గ్రెగ్ స్ట్రాంగిస్ కథను ఎంత పకడ్బందీగా కట్టాడంటే, అందులో ఒక్క మెట్టు తీసేసినా మిగతావి నిలబడవు. బాక్టీరియా గ్రహాంతరవాసుల్ని చంపలేదు, స్పృహ తప్పించింది. సైన్యం శవాలనుకుని వాటిని ఇనుప పీపాల్లో పెట్టి మూత బిగించింది. ఆ పీపాలు ఫోర్ట్ జెరికో అనే సైనిక స్థావరంలో అణువ్యర్థాల డ్రమ్ముల పక్కకు చేరాయి. ముప్ఫై అయిదేళ్ళ తర్వాత ఒక తీవ్రవాద ముఠా ఆ స్థావరాన్ని పట్టుకుంది. కాల్పుల్లో వ్యర్థాల డ్రమ్ములకు చిల్లులు పడ్డాయి, రేడియోధార్మిక ద్రవం కారింది. ఆ రేడియేషన్ బాక్టీరియాను చంపేసింది. లోపలున్నవాళ్ళు కళ్ళు తెరిచారు, దగ్గర్లో ఉన్న తీవ్రవాదుల శరీరాల్లోకి దూరారు. నిర్లక్ష్యం, పొదుపు, దురదృష్టం, మూడూ ఒకే గిడ్డంగిలో కలిశాయి. గ్రహాంతర దండయాత్ర కథల్లో ఇంత గుమాస్తా తప్పులాంటి కారణం అంతకుముందు పెద్దగా కనిపించదు. దానికి బలమే అది.

అసలు మెలిక అక్కడితో అయిపోలేదు. బాక్టీరియా మళ్ళీ పట్టుకోకుండా ఉండాలంటే వాళ్ళకి రేడియేషన్ కావాలి. కానీ అదే రేడియేషన్ వాళ్ళు తొడుక్కున్న మనిషి శరీరాన్ని కుళ్ళబెడుతుంది. మొహం మీద పుండ్లు లేస్తాయి, చర్మం ఊడుతుంది, కొన్నాళ్ళకి ఆ ఒళ్ళు పనికిరాదు. ఇంకో ఒళ్ళు వెతుక్కోవాలి. అంటే శత్రువు ఎంత బలవంతుడైనా గడియారం మాత్రం అతనికి ఎదురుగానే తిరుగుతోంది. వాళ్ళ నాయకులు నెవాడా అణుపరీక్షల ప్రాంతంలోని ఒక గుహలో మకాం పెట్టింది కూడా అందుకే, అక్కడ రేడియేషన్ పుష్కలం. దాంతో ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి, చల్లబరిచే ద్రవం గొట్టాల్లో తిరిగే సూట్లు తొడుక్కుని కూర్చుంటారు. రెండో కథ 'ద వాల్స్ ఆఫ్ జెరికో' మొత్తం ఈ వేడి సమస్య చుట్టూనే తిరుగుతుంది. లోకాన్ని గెలవడానికి వచ్చినవాళ్ళు ముందు తమ ఒంటి వేడి తగ్గించుకోవడానికి తంటాలు పడతారు. చూసేవాళ్ళకి నవ్వూ వచ్చేది, భయమూ వేసేది.

ఇంకో నియమం మూడు అంకె. వాళ్ళకి మూడు చేతులు, ఒక్కో చేతికి మూడు వేళ్ళు. పాలించేది ముగ్గురు, ఆ ముగ్గురినీ కలిపి 'అడ్వొకసీ' అంటారు. పనికి పంపేదీ ముగ్గురేసి జట్లుగానే. 'టు హీల్ ద లెపర్' ఎపిసోడ్‌లో ఆ నాయకుల్లో ఒకరికి జబ్బు చేస్తే మిగతా ఇద్దరికీ పాలుపోదు, మనుషుల మెదళ్ళ కోసం వేట మొదలవుతుంది. రచయితలు ఈ అంకెను అలంకారంగా వాడలేదు, శత్రువుకు తగిలించిన సంకెలలా వాడారు. ముగ్గురిలో ఒకరిని ఆపితే చాలు, మిగతా ఇద్దరి బుర్ర సగం పనిచేస్తుంది. ఈ మూడు ఎక్కడిదంటే, 1953 సినిమాలోదే. అందులో యుద్ధయంత్రాలు మూడేసి వస్తాయి, మార్షియన్ కంటికి మూడు రంగుల కటకాలు ఉంటాయి.

ఆ పాత సినిమాతో బంధుత్వాన్ని సీరియల్ నిజాయితీగా నిలబెట్టుకుంది. కథానాయకుడు డాక్టర్ హారిసన్ బ్లాక్‌వుడ్, ఆ దాడిలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లవాడు. అతన్ని పెంచింది సినిమాలోని డాక్టర్ క్లేటన్ ఫారెస్టర్. సినిమాలో సిల్వియా వాన్ బ్యూరెన్‌గా వేసిన ఆన్ రాబిన్సన్ మూడు ఎపిసోడ్లలో అదే పాత్రకు తిరిగి వచ్చింది. సిల్వియా ఇప్పుడు మానసిక చికిత్సాలయంలో ఉంటుంది, గ్రహాంతరవాసులు కదిలితే ఆమెకు ముందే తెలుస్తుంది. పాత సినిమాలో ఆమె అరుపులు చూసి నవ్వుకున్నవాళ్ళు ఇక్కడ ఆమెను చూసి నవ్వలేకపోయారు. మార్పు చేసింది ఒక్క చోట: మార్స్. 1976లో వైకింగ్ నౌకలు దిగి ఎర్రటి రాళ్ళు, దుమ్ము ఫొటోలు పంపించాక మార్స్ నుంచి సైన్యం వచ్చిందంటే స్కూలు పిల్లలు కూడా ఒప్పుకోరు. అందుకని వాళ్ళ సొంతూరును మోర్-టాక్స్ అనే గ్రహానికి మార్చారు.

ఆ సినిమా పనితనం గురించి ఒక్కమాట చెప్పుకోకపోతే సీరియల్ మీద ఉన్న బరువు అర్థం కాదు. ఆల్బర్ట్ నొజాకి గీసిన యుద్ధయంత్రాలు సముద్రంలో తిరిగే టేకు చేప ఆకారంలో ఉంటాయి, పైన పాము పడగలాంటి మెడ. సుమారు 42 అంగుళాల వెడల్పున్న రాగి నమూనాల్ని సన్నని తీగలతో వేలాడదీసి నడిపించారు, ఆ తీగల గుండానే లోపలి దీపాలకు, కదలికలకు కరెంటు వెళ్ళేది. యంత్రాల కింద విద్యుత్తు మెరుపులతో కాళ్ళు చూపించాలని మొదట అనుకున్నారు. అంత వోల్టేజి సెట్టులో పెడితే మనుషులకు ప్రమాదం, పైగా మంటలు అంటుకోవచ్చు, అందుకని మానేశారు. అగ్నికిరణం కోసం వెల్డింగు తీగను మండించి ఆ నిప్పురవ్వల్ని గాలితో ఊదారు. ఇన్ని చేశాక స్పెషల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ వచ్చింది. వారం వారం గంట కథ తీయాల్సిన టీవీ బృందం ఆ స్థాయిని అందుకోవడం జరగని పని. సీరియల్ తొలి ఎపిసోడ్‌లో సైన్యం దాచిపెట్టిన పాత యంత్రాలు మూడు ఒకసారి గాల్లోకి లేస్తాయి, పేలిపోతాయి. ఆ తర్వాత వాటిని దాదాపు మరిచిపోమన్నారు. డబ్బులేమి వల్ల తీసుకున్న ఆ నిర్ణయం సీరియల్‌కు మేలే చేసింది. యంత్రాలు పోయాక శత్రువు పక్కింటి మనిషి మొహంతో వచ్చాడు.

గ్రహాంతరవాసుల్ని ఎదిరించే జట్టులో నలుగురు. హారిసన్‌గా జారెడ్ మార్టిన్, ఎప్పుడు పడితే అప్పుడు కునుకు తీసే, మాంసం ముట్టని, తుపాకీ అంటే గిట్టని ఖగోళ భౌతిక శాస్త్రవేత్త. సూక్ష్మజీవ శాస్త్రవేత్త సుజాన్ మెక్‌కల్లగ్‌గా లిండా మేసన్ గ్రీన్. చక్రాల కుర్చీలోంచే కంప్యూటర్లను ఆడించే నార్టన్ డ్రేక్‌గా ఫిలిప్ ఏకిన్. మాటతో నడిచే ఆ కుర్చీకి గెర్ట్రూడ్ అని పేరు. నాలుగోవాడు లెఫ్టినెంట్ కల్నల్ పాల్ ఐరన్‌హార్స్, రిచర్డ్ చావెస్ వేసిన పాత్ర. అమెరికా ఆదివాసీ మూలాలున్న సైనికాధికారి, క్రమశిక్షణ ఎక్కువ, నవ్వు తక్కువ. హారిసన్‌కీ ఇతనికీ మధ్య గొడవే సీరియల్ నడిపే ఇంజను. ఒకడు అర్థం చేసుకుందామంటాడు, ఇంకొకడు ముందు కాల్చుదామంటాడు. ఏ ఎపిసోడ్‌లో ఎవరు గెలుస్తారో ముందే చెప్పలేం. సుజాన్ కూతురు డెబిగా వేసిన చిన్నపిల్ల రేచల్ బ్లాంచర్డ్.

మొదటి సీజన్లో ఒక్క ఎపిసోడ్ చూడమంటే 'ఐ ఫర్ ఆన్ ఐ' చూడమని చెప్పాలి. 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ బృందం సీబీఎస్ రేడియోలో ఇదే 'వార్ ఆఫ్ ద వరల్డ్స్' కథను నాటకంగా వేసి, మార్స్ దాడిని వార్తల్లా చదివి వినిపించింది. ఆ నాటకంలో మార్షియన్లు దిగే ఊరు న్యూజెర్సీలోని గ్రోవర్స్ మిల్. సరిగ్గా యాభై ఏళ్ళకు, 1988లో, సీరియల్ ఆ ఊరికే వెళ్ళింది. కథ ప్రకారం ఆ రాత్రి అక్కడికి నిజంగానే గ్రహాంతరవాసులు వచ్చారు, ప్రభుత్వం దాన్ని రేడియో నాటకం కింద కప్పిపెట్టింది. ఆనాడు తుపాకులు పట్టుకున్న కుర్రాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళు. ఎవరూ తమ మాట నమ్మరన్న బాధతోనే యాభై ఏళ్ళు బతికారు. ఆ ముసలివాళ్ళ దగ్గర హారిసన్ కూర్చుని వినే సన్నివేశాల్లో పేలుళ్ళు లేవు, చీదర లేదు. అయినా మొదటి సీజన్లో అంత బరువైన సన్నివేశాలు మరి లేవు. అబద్ధంగా అందరికీ తెలిసిన సంగతిని నిజం చేసి, నిజమైన రేడియో చరిత్రను తన కథకు సాక్ష్యంగా పిలిచింది ఈ ఎపిసోడ్. అంత తెలివి ఈ సీరియల్ మళ్ళీ చూపించలేదు.

1953లో లాస్ ఏంజిలిస్ బూడిదైతే 1988లో జనం ఏమీ జరగనట్టు ఎలా ఉన్నారన్నది సీరియల్‌కి పెద్ద చిల్లు. జనం తాము చూసిందాన్ని తామే మనసులోంచి చెరిపేసుకున్నారు, మిగిలింది ప్రభుత్వం కప్పిపెట్టింది అని ఒక వివరణ ఇచ్చారు. ఎంత సర్దుకుందామన్నా అది గొంతు దిగదు. చచ్చిన గ్రహాంతరవాసి శరీరం కరిగి జిగురుగా మారిపోతుంది కాబట్టి సాక్ష్యం మిగలదన్న రెండో వివరణ మాత్రం బాగా పనిచేసింది. ప్రతి ఎపిసోడ్ చివరా మన జట్టు చేతిలో ఏమీ ఉండదు.

ఆ జిగురు గురించి ఎఫెక్ట్స్ మీద ఆసక్తి ఉన్నవాళ్ళ కోసం. 80ల్లో తెరమీద కనిపించే ఇలాంటి సాగుడు పదార్థానికి మామూలుగా వాడింది నీళ్ళలో జిగురయ్యే మిథైల్ సెల్యులోజ్ పొడి. దీన్ని చల్లటి నీళ్ళలో నేరుగా పోస్తే పైపొర వెంటనే జెల్లీ అయిపోతుంది, లోపల పొడి పొడిగానే మిగిలి ఉండలు కడుతుంది. అందుకని ముందు మరిగే నీళ్ళు కొద్దిగా తీసుకుని అందులో పొడిని విడగొట్టి కలపాలి, వేడిలో అది కరగదు కాబట్టి రేణువులు విడివిడిగా తడుస్తాయి. తర్వాత చల్లటి నీళ్ళు పోసి చల్లారనిస్తే గంటల్లో చిక్కబడుతుంది. చిలికితే బుడగలు పడతాయి, అవి కెమెరాలో సబ్బునురగలా కనిపిస్తాయి, ఒక రాత్రి కదపకుండా ఉంచితేనే తేరుకుంటుంది. రంగు వంటకు వాడే రంగే. కుళ్ళిన చర్మానికి ద్రవ లేటెక్స్ (రబ్బరు పాలు), టిష్యూ కాగితం పొరలు పొరలుగా వేసి ఆరబెట్టి, గోటితో చీల్చి లోపల ఎరుపు పూస్తారు. జెలటిన్ ముక్కలు చర్మంలా ఇంకా బాగుంటాయి కానీ సెట్టు దీపాల వేడికి మెత్తబడి జారతాయి. వారంలో ఒక ఎపిసోడ్ పూర్తిచేయాల్సిన చోట జారే ముక్కను మళ్ళీ అతికించే వ్యవధి ఎక్కడిది? ఛాతీలోంచి మూడో చెయ్యి దూసుకొచ్చే దృశ్యాలకు ఆ రోజుల్లో వాడిన పద్ధతి, నటుడి తల కింద నకిలీ మొండెం అమర్చి, దాని వెనక దాక్కున్న మనిషి రబ్బరు చెయ్యిని తోయడం. ఇలాంటి షాట్లను క్షణంలో కట్ చేస్తారు. ఇంకొక్క క్షణం ఉంచితే వేళ్ళు ముడతలు పడటం కనిపించిపోతుంది.

అంత చీదర టీవీలో ఎలా వదిలారంటే, ఇది ఏ జాతీయ నెట్‌వర్కుదీ కాదు. పారామౌంట్ దీన్ని ఊరూరా స్టేషన్లకు విడివిడిగా అమ్మింది, అంతకు ఏడాది ముందు 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్'ని అమ్మిన పద్ధతిలోనే. నెట్‌వర్కు సెన్సారు బల్ల లేదు, ఎంత చూపించాలన్నది నిర్మాతలు, స్టేషన్లు చూసుకునేవి. దానికి తగ్గ ఇబ్బందీ ఉంది. ఒక నగరంలో శనివారం సాయంత్రం వస్తే ఇంకో నగరంలో అర్ధరాత్రి వచ్చేది. బేస్‌బాల్ ఆట సాగిందంటే ఎపిసోడ్ ఇంకా వెనక్కి పోయేది. చిత్రీకరణ కెనడాలో, టొరంటోలో. తెర మీద అమెరికా ఊళ్ళుగా కనిపించేవాటిలో చాలా భాగం ఆ నగరమే. దీనికి తోడు 1988 మార్చి 7 నుంచి ఆగస్టు 7 దాకా హాలీవుడ్ రచయితల సమ్మె. కొన్ని ఎపిసోడ్ల టైటిల్స్‌లో రచయితల పేర్లు చూస్తే పాత సినిమా పాత్రల పేర్లను కలిపి కుట్టినట్టుంటాయి. అవి మారుపేర్లు.

టేపుల్లో దాచుకున్నవాళ్ళ కష్టం వేరే. టీ-120 అనే వీడియో క్యాసెట్ మామూలు వేగంలో 2 గంటలు, అన్నిటికన్నా నెమ్మది వేగంలో 6 గంటలు. ప్రకటనలు కోసేస్తే ఆరు గంటల్లో ఏడు ఎపిసోడ్లు పట్టేవి, మొత్తం సీరియల్ ఏడు టేపుల్లోపే సర్దేయొచ్చు. కానీ నెమ్మది వేగంలో టేపు మీద బొమ్మ రాసే గీత వెడల్పు మూడో వంతుకు పడిపోతుంది, దాంతో నీడల్లో చుక్కలు చిమ్ముతాయి. ఈ సీరియల్లో సగం దృశ్యాలు గుహలోనే కదా! హై-ఫై లేని వీసీఆర్‌లో ధ్వని టేపు అంచున రాస్తుంది, వేగం తగ్గితే పైస్థాయి శబ్దాలు పోతాయి, అడ్వొకసీ గుసగుసలన్నీ దుప్పట్లో మాట్లాడినట్టే. ప్రకటనల దగ్గర పాజ్ నొక్కిన ప్రతిచోటా ఇంద్రధనుస్సు రంగుల చారలు దొర్లేవి, టేపు మీది పాత బొమ్మను చెరిపే తిరిగే హెడ్ లేని మిషన్లలో అది తప్పదు. వెనక అంచున ఉన్న ప్లాస్టిక్ రెక్క విరిచేయకపోతే ఇంట్లో ఎవరో ఒకరు దానిమీద ఇంకేదో రికార్డు చేసేసేవారు.

మొదటి సీజన్ 23 కథలు. పేర్లు చాలావరకు బైబిల్ మాటల్లోంచి తీసినవి. 'ద గుడ్ సమారిటన్'లో ధాన్యంలో విషం, 'క్వాయర్స్ ఆఫ్ ఏంజెల్స్'లో రాక్ పాటల్లో దాచిన సందేశాలు, 'సో షల్ యే రీప్'లో మనిషిని మృగం చేసే మత్తుమందు. గుహలో వాళ్ళు చెప్పుకునే 'టు లైఫ్ ఇమ్మోర్టల్' అన్న నినాదం అభిమానుల నోళ్ళలో పడింది. సంగీతం ఆస్ట్రేలియా రాక్ గాయకుడు బిల్లీ థోర్ప్. 'ద ప్రాడిగల్ సన్'లో జాన్ కొలికోస్ వేసిన క్విన్ అనే గ్రహాంతరవాసి మనుషుల మధ్యే కళాకారుడిగా బతుకుతుంటాడు, అతనికి బాక్టీరియా భయం లేదు. అతను కనిపించిన రెండు ఎపిసోడ్లలో ఏరికోరి చూడదగ్గది ఇది.

తర్వాత 1989 అక్టోబరులో రెండో సీజన్. నిర్మాణ బాధ్యత ఫ్రాంక్ మాన్‌కూసో జూనియర్ చేతికి వెళ్ళింది. మోర్-టాక్స్ నాశనమైందన్నారు, అక్కడినుంచి కొత్త జట్టు దిగింది, వాళ్ళని మోర్థ్రెన్ అన్నారు. వాళ్ళ చేతిలో పాత అడ్వొకసీ హతం. ఐరన్‌హార్స్ వాళ్ళు తయారుచేసిన తన నకలును ఆపడానికి తన ప్రాణం తీసుకుంటాడు, నార్టన్ పేలుడులో పోతాడు. ఇదంతా ఒక్క ఎపిసోడ్లో, 'ద సెకండ్ వేవ్'లో. కథా ప్రపంచం కూడా చెప్పాపెట్టకుండా చీకటి వీధులు, ఆకలి, అల్లర్లుగా మారిపోయింది. ఐరన్‌హార్స్ లేని లోటు పూరించడానికి జాన్ కిన్‌కెయిడ్‌గా ఏడ్రియన్ పాల్ వచ్చాడు, తర్వాత 'హైలాండర్' సీరియల్‌తో పేరు తెచ్చుకున్నది ఇతనే.

చాలామంది కోపం ఆ రెండు చావుల మీద. అసలు నష్టం ఇంకోచోట జరిగింది. కొత్తవాళ్ళకి మనిషి శరీరాలు శాశ్వతంగా కుదిరాయి. రేడియేషన్ అక్కర్లేదు, కుళ్ళడం లేదు, మూడు అంకె పోయింది, గుహా పోయింది. డెనిస్ ఫారెస్ట్ వేసిన మాల్జార్, కేథరిన్ డిషర్ వేసిన మానా, జూలియన్ రిచింగ్స్ వేసిన ఆర్డిక్స్, ముగ్గురూ మంచి నటులే, మొదటి సీజన్ విలన్ల కన్నా ముఖాలు గుర్తుంటాయి కూడా. కానీ వాళ్ళు ఎప్పటిలోగా గెలవాలో, దేనికి భయపడాలో ప్రేక్షకుడికి తెలీదు. మనిషికి నకలు తయారుచేసే క్లోనింగ్ యంత్రం ఒకటి చేతిలో ఉంటే కథ ఏ వైపైనా పోవచ్చు, అందుకే ఎటూ పోలేదు. కొన్ని కథలు విడిగా చూస్తే బాగున్నాయి, మొదటి సీజన్ కన్నా చక్కగా తీసినవీ ఉన్నాయి. పాత పేరు పెట్టుకోకుండా వచ్చుంటే ఇంత తిట్లు తినేది కాదు. 20 ఎపిసోడ్లతో, 1990 మేలో 'ద ఓబెలిస్క్'తో ముగిసింది.

ఇప్పుడు చూడాలనుకునేవాళ్ళకి మొదటి సీజన్ డీవీడీలు 2005లో, రెండోది 2010లో వచ్చాయి. మొదట 1953 సినిమా, తర్వాత 'ద రిజరెక్షన్', 'ద వాల్స్ ఆఫ్ జెరికో', 'ఐ ఫర్ ఆన్ ఐ', సిల్వియా కోసం 'థై కింగ్‌డమ్ కమ్', క్విన్ కోసం 'ద ప్రాడిగల్ సన్', సీజన్ ముగింపు 'ది ఏంజెల్ ఆఫ్ డెత్'. 'ద లాస్ట్ సప్పర్' పాత దృశ్యాల్ని అతికించిన ఎపిసోడ్, క్విన్ ఉన్నాడని తప్ప దాటేసినా నష్టం లేదు. రెండో సీజన్ని కొన్నాళ్ళు ఆగి, వేరే సీరియల్ అనుకుని మొదలుపెట్టండి. 'ద సెకండ్ వేవ్'ని మాత్రం మొదటి సీజన్ అయిపోయిన రాత్రే చూడొద్దు.